వియోరికాకు దక్కిన తిట్టు

క్లీవ్‌లాండ్‌లో రుమేనియా వాళ్ల పెళ్లంటే వియోరికా ఉండాల్సిందే. పూలరుమాలు నడుముకు బిగించి, గుండ్రంగా ఆడేవాళ్ల మధ్యకు దూకి, మడమతో నేల దద్దరిల్లేలా తన్నుతూ, పెళ్లికొడుకు తల్లి మీద ఎకసెక్కపు పాట కేకేసేది. వాళ్లూరి లెక్కలో పాటతో తిట్టించుకోని అత్తగారికి మర్యాద దక్కనట్టే. ఎనభైనాలుగులో ఆమె కొడుకు పెళ్లయింది. ఈసారి అత్తగారు తనే. ఆమె నోటికి జడిసి ఒక్కరూ పాట ఎత్తలేదు. వియోరికా ముఖం చిన్నబోయింది. అది చూసి పక్కింటి అనంతలక్ష్మి కొంగు దోపుకొని లేచి, వియ్యపురాలిని ఆడిపోసుకునే పాటొకటి తెలుగులోనే అందుకుంది.

"మీనింగ్ చెప్పు, ఏమని తిట్టావు?" ఆశగా అడిగింది వియోరికా.

"మీ సూప్‌లో పడ్డ ఈగ కూడా ఉప్పు లేదని ఎగిరిపోయిందట!"

వియోరికా ఆమెను అమాంతం ఎత్తి గిర్రున తిప్పేసింది.

"ఇప్పుడయిందమ్మా నా కొడుకు పెళ్లి!"