మలుపుకొక హారన్

కనుమ దారిలో ప్రతి మలుపు దగ్గరా హారన్ కొట్టే అలవాటు వల్ల ఆ టాక్సీ డ్రైవరుకి హారన్ అనే పేరు స్థిరపడిపోయింది. ఆయన డ్రైవింగుకి వంక పెట్టినవాళ్ళు లేరు, సొంత అత్తగారు తప్ప.

ఆవిడ కంటి డాక్టరు కొండకి అవతల ఉండేవాడు. నెలకోసారి వెళ్ళాలి. పెద్దల్లుడు హారన్ బండి ఎక్కితే, కొండ పైకి చేరకముందే ఆవిడ వాంతి కవరు తెరిచేది. చిన్నల్లుడి టాక్సీలో మాత్రం లోయలో మంచు చూసుకుంటూ వెళ్ళి, తిరిగొచ్చి, "కడుపులో చల్ల కదిలితే ఒట్టు!" అని ఇంటిల్లిపాదికీ చెప్పేది.

హారన్‌కి ఒళ్ళు మండిపోయేది. ఆ తోడల్లుడికి స్టీరింగు పట్టుకోవడం నేర్పిందే తను! సీట్లు మార్పించాడు. డాష్‌బోర్డు మీద నిమ్మకాయలు పేర్చాడు. నిమ్మకాయలు కనబడగానే అత్తగారు కవరు కోసం వెతుక్కుంది.

"నీకు కుళ్ళు," అంది భార్య.

"నాకా? వాణ్ణి చూసా? నలుగురూ వింటే నవ్విపోతారు."

ఒకసారి ఆయన బండి షెడ్డులో ఉండటంతో తోడల్లుడి బండిలోనే అత్తగారికి తోడుగా వెళ్ళాల్సి వచ్చింది. తప్పులు పట్టడానికి ముందు సీట్లో కూర్చున్నాడు. గేర్లలో దొరకలేదు, బ్రేకుల్లో దొరకలేదు. ఇంతలో మొదటి మలుపు వచ్చింది.

"అత్తయ్యా, అన్నయ్య వైపు!" అన్నాడు తోడల్లుడు.

వెనక సీట్లో ఆవిడ ఎడమకి ఒరిగింది.

"ఇప్పుడు నా వైపు!"

"వచ్చా బాబూ!" అంటూ కుడికి ఒరిగింది.

అదీ కిటుకు. బండి ఎటు తిరుగుతుందో ముందే తెలిస్తే కడుపు తిప్పదు. ఇన్నేళ్ళూ మలుపు వస్తోందని ఎదురొచ్చే లారీలన్నిటికీ చెప్పాడు హారన్. వెనక కూర్చున్న మనిషికి చెప్పాలని తోచలేదు.

"బండి నడుపుతున్నావా, డ్రిల్లు చేయిస్తున్నావా?" అన్నాడు ఉక్రోషంగా.

"నువ్వూ కాస్త ఒరుగు అన్నయ్యా, హాయిగా ఉంటుంది."

ఒరిగితే ఓడిపోయినట్టే. గుంజలా బిగుసుకుని కూర్చున్నాడు. కొండ పైకి చేరేసరికి మొహం పాలిపోయింది. కవరు అత్తగారే అందించింది.

మరుసటి నెల చిన్నల్లుడు ఊళ్ళో లేడు. ఆవిడ కవరు ఒళ్ళో పెట్టుకునే హారన్ బండి ఎక్కింది. మొదటి మలుపు దగ్గర ఆయన పెదవి విప్పలేదు. రెండో మలుపులో వెనక కవరు గరగరలాడింది.

"ఎడమ," అన్నాడు, పన్ను పీకించుకుంటున్నట్టు.

దారంతా అలాగే చెప్పాడు. కొండ దిగాక ఆవిడ కవరు మడిచి సంచిలో పెట్టుకుంది. "చిన్నల్లుడు మీకు భలే నేర్పాడు బాబూ!"

మెచ్చుకున్నందుకు సంతోషించాలో, ఆ మొదటి మాటకి ఏడవాలో ఆయనకి తెలియలేదు. బతికినన్నాళ్ళూ ఆ మాట అరగలేదు. "నేర్పింది నేను, వాడికి," అనేవాడు, అడగనివాళ్ళతో కూడా.

కొండకి అవతల ఆసుపత్రిలోనే ఆయన పోయాడు. తోడల్లుడే తన టాక్సీలో ఇంటికి తీసుకొచ్చాడు. వెనక సీట్లో భర్త తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది హారన్ భార్య. మొదటి మలుపు దగ్గర, ఎన్నడూ అవసరానికి మించి హారన్ ముట్టని తోడల్లుడు హారన్ నొక్కాడు. రెండో మలుపులోనూ నొక్కాడు.

ఆవిడ తలెత్తింది.

"గట్టిగా కొట్టు బాబూ," అంది. "ఆ మాత్రానికి ఆయన ఒప్పుకోరు."