చచ్చినవాణ్ణి నడిపించిన గొర్రెల మల్లి

త్రిపురాంతకం దగ్గర గొర్రెలు కాసే మల్లి ఒకసారి చచ్చినవాణ్ణి లేపి నడిపించింది. సరే, పూర్తిగా చావలేదు. తుపాకీ దెబ్బ తిని నేల మీద పాకుతున్నాడు. ఆ నేల కూడా ఫోన్‌లోదే. గొర్రెలు మాత్రం నిజమైనవి.

మల్లి మనవరాలు నాగవేణి తొమ్మిదో తరగతి. సెలవుల్లో అవ్వతో మేతకు వచ్చి, తుమ్మ నీడలో తుపాకుల ఆట ఆడేది. ఆటలో తెల్లటి మగవేషం, పేరు సింహం. మైకు మాత్రం ఎప్పుడూ తెరిచేది కాదు. ఆడపిల్ల గొంతు వినబడితే జట్టు నాయకుడు గిద్దలూరు నరేంద్ర బయటికి తోసేస్తాడని భయం. ఆ జట్టులో తప్ప ఆమె ఇంకెక్కడా గెలిచింది లేదు.

మల్లి పక్కన చేరి ఫోన్‌లోకి తొంగి చూసింది.

"ఆ పిల్లకు గుడ్డలు అంత తక్కువేందే? యుద్ధానికేనా పోయేది?"

"ఆటలో ఆడోళ్లు అట్లనే ఉంటారవ్వా."

"మరి ఆ నల్లోడు?"

"మా జట్టే. గూండా వేషం ఏసినాడు."

"గూండా అని ఎట్ల తెలిసె?"

"ఎంత నల్లగా ఉన్నాడో చూడు!"

మల్లి తన చేతిని చూసుకుంది. మనవరాలి చేతినీ చూసింది.

ఇంతలో మందలోని ఒక మేకపిల్ల పక్క కంది చేలో పడింది. "ఏం నొక్కబాకవ్వా" అని ఫోన్ చేతిలో పెట్టి నాగవేణి పరుగెత్తింది.

ఫోన్‌లో గూండాకు దెబ్బ తగిలింది. జట్టు ఆగకుండా పోతోంది. కుంటి గొర్రెను వదిలేసి మందను తోలుకుపోవడం మల్లి ఎరగదు. మనవరాలు నొక్కగా చూసిన బొమ్మలన్నీ నొక్కింది. సింహం వెనక్కి తిరిగి గూండా పక్కన కూర్చున్నాడు. మైకు కూడా తెరుచుకుంది.

"లెయ్ నాయనా, లెయ్. మంద పోతాంది."

గూండా లేచాడు. "థాంక్స్ సింహం అన్నా!" ఆడపిల్ల గొంతు.

"అన్న ఏందే? అవ్వను!"

"అవ్వా! నేను జాహ్నవి, కనిగిరి. గూండా వేషమేస్తే ఎవరూ ఏడిపించరని..."

"రేయ్, ఇద్దరూ ఆడోళ్లేరా!" నరేంద్ర అరిచాడు. "సింహం ముసల్దంట!"

మేకపిల్లను చంకనెత్తుకుని వచ్చిన నాగవేణికి అది వినబడింది. మైకు ఆపేయవచ్చు. ఆపలేదు.

"ముసల్ది కాదు. నేను, నాగవేణిని. నిన్న నిన్ను గెలిపిచ్చింది నేనే."

ఆట అవగానే నరేంద్ర ఇద్దరినీ జట్టులోంచి తీసేశాడు. నాగవేణి ఆ పూటంతా ఏడ్చింది. మర్నాడు జాహ్నవితో కలిసి వేరే జట్టు కట్టింది. ఒంటినిండా గుడ్డలున్న ఆడవేషం ఎంత వెతికినా దొరకలేదు. అందుకని మగవేషమే ఉంచి, రంగు అవ్వ చేతి రంగుకు మార్చింది. పేరు మాత్రం నాగవేణి.

ఇదంతా నిజమేనా అని మల్లిని అడిగితే గొర్రెలను అదిలిస్తూ అంటుంది: "ఫోన్ నేనెప్పుడు ముట్టినా నాయనా? కనిగిరి పిల్ల ఎవరో నాకు తెలియదు. చచ్చినోడు లేచేదేంది? అంతా అబద్ధం. పో, పో."