పాటల హాజరు పట్టీ

అమలాపురంలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు, ఊరంతా కునుకు తీసే వేళ, శివప్రసాద్ గారి కొబ్బరి కొట్లో ఒక మహాసభ జరుగుతుంది. కొబ్బరికాయల రాశుల నడుమ, గోనెసంచుల మీద, పదకొండు మంది సభ్యులు ఆసీనులవుతారు. ‘ఎర్రనీరు అభిమాన సంఘం, కోనసీమ శాఖ’ అని దాని పూర్తి పేరు. తక్కిన శాఖలు ఎక్కడున్నాయని ఎవరూ అడగరు. అడిగితే అధ్యక్షులైన శివప్రసాద్ గారు నొచ్చుకుంటారు.

ఎర్రనీరు అన్నది కాకినాడ రాక్ బ్యాండు. తొంభై మూడులో అక్కడ ఏదో ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసుకునే నలుగురు గిటార్లూ డ్రమ్ములూ కొనుక్కుని తెలుగులో గొంతు చించుకోవడం మొదలుపెట్టారు. పాడేది జనార్దన్ గారు. గోదావరికి ఏటా కొత్తనీరు ఎర్రగా వచ్చినట్టే వాళ్ళూ ఏటా వచ్చి అమలాపురం, రాజోలు, కొత్తపేట వరసగా చుట్టబెట్టి పోయేవారు. సినిమా హాలు దొరికితే హాల్లో, దొరక్కపోతే కల్యాణమండపంలో. ఒక్కొక్క ఊళ్ళో రెండున్నర గంటల ప్రదర్శన. అలా పాతికేళ్ళ పైచిలుకు సాగింది.

మూడేళ్ళ కిందట వాళ్ళొక ప్రకటన చేశారు. ఇక ఊరూరా తిరగలేము, ఫెస్టివల్స్‌లో మాత్రమే వాయిస్తాము అని. అంటే సముద్రపొడ్డునో, ఏ మైదానంలోనో ఏడెనిమిది బ్యాండ్లు ఒకే వేదిక మీద ఒకదాని తర్వాత ఒకటి వాయిస్తాయి. అందులో వీళ్ళ వాటా నలభై నిమిషాలు. ఆ ప్రకటన వెలువడిన నాటి నుంచి సంఘం నిలువునా చీలింది.

“బంతిలో కూర్చోబెట్టి పదహారు రకాలు వడ్డించినోళ్ళండీ వీళ్ళు. ఇప్పుడు నిలబెట్టి చేతిలో గారె ముక్క పెడుతున్నారు,” అంటారు శివప్రసాద్ గారు. “నలభై నిమిషాలంటే మనం చెప్పులిడిచి సర్దుకుని కూర్చునేలోపు మంగళం పాడేస్తారు.”

“బాబాయ్ గారూ, జనార్దన్ గారికి అరవై ఒకటండీ. నడుంకి బెల్టు పెట్టుకుని పాడుతున్నారు,” అంటుంది జాయ్. కొత్తపేటలో బ్యాంకు ఉద్యోగం చేసుకునే పిల్ల. ఫెస్టివల్ పక్షానికి నాయకురాలు. “ఈ వయసులో మీరు కొబ్బరిచెట్టు ఎక్కుతారా?”

“నేను ఇరవైలో కూడా ఎక్కలేదమ్మా. అది వేరే సంగతి.”

ఈ తగువు తీర్చగల అధికారం సంఘంలో ఒక్కరికే ఉంది. ఆవిడ హన్నా టీచరు గారు. ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరు, యాభై రెండేళ్ళ మనిషి, చర్చి పాటల బృందంలో ముందు వరసలో నిలబడతారు. జాయ్ లెక్కలూ, ఎర్రనీరూ రెండూ నేర్చుకున్నది ఆవిడ దగ్గరే. భర్త సీమోను గారికి ఈ సంగీతం గిట్టదు. “అవి పాటలా, తుఫాను హెచ్చరికలా?” అంటారు. అంటూనే కచేరీ నాడు ఆవిడ చీరకు ఇస్త్రీ చేసి పెడతారు.

హన్నా గారి అధికారం ఒక హాజరు పట్టీలో ఉంది. బడిలో వాడగా మిగిలిన పట్టీల్లో ఆవిడ ఎర్రనీరు పాటలు నలభై ఒకటికీ రోల్ నంబర్లు వేశారు. ప్రతి ప్రదర్శనకూ ఒక నిలువు గడి. పాడితే గీత, పాడకపోతే సున్నా. తొంభై ఎనిమిది నుంచి ఒక్క గడి ఖాళీ లేదు. ఏ పాట ఏ ఊళ్ళో ఎన్నిసార్లు పాడారన్న పందెం వస్తే రెండు పక్షాలూ ఆ పట్టీకే దణ్ణం పెట్టేవి.

అయితే ఆ పట్టీలో హన్నా గారు ఎవరికీ చూపించని అడ్డవరస ఒకటుంది. పద్నాలుగో నంబరు. ‘అవతలి గట్టు’ అనే పాట. తొమ్మిది నిమిషాలు. శివప్రసాద్ గారు సభలో బల్ల గుద్దినప్పుడల్లా (బల్ల లేదు గనక కొబ్బరికాయ గుద్దేవారు) ఉదాహరించేది ఆ పాటనే. “ఈ ఫెస్టివల్సు వల్లే కదండీ ‘అవతలి గట్టు’ మనకి దూరమైంది. నలభై నిమిషాల్లో తొమ్మిది నిమిషాల పాట ఎవడు పాడతాడు?” అని. సభ తలలూపేది. హన్నా గారూ ఊపేవారు. కాని పట్టీ చెప్పేది వేరు. ఆ పాట ఆఖరుసారి వినబడింది రెండువేల పదిలో, కొత్తపేటలో. తర్వాత తొమ్మిదేళ్ళ పాటు ఏటా మూడు ఊళ్ళు, ఇరవై ఏడు ప్రదర్శనలు, ఇరవై ఏడు సున్నాలు. పాపం ఫెస్టివల్స్ అప్పటికి పుట్టనే లేదు.

ఆ సంగతి బయటపెడితే తగువు ఆ పూటే తీరిపోతుంది. తీరిపోతే ఆ పాట ఇక రాదని ఆవిడా ఒప్పుకోవాలి. టూర్లు ఉండి ఉంటే ఇరవై ఎనిమిదోసారైనా వచ్చేదేమో అన్న ఆశ ఆవిడకు కావాలి. ఇంకొక్కసారి వినాలి, అంతే. నెల రోజులు బడికి రాని పిల్లల పేరు పట్టీలోంచి కొట్టేయవచ్చని నియమం. ఆవిడ ఉద్యోగం మొత్తంలో అలా ఒక్క పేరూ కొట్టలేదు. ఇంటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, “ఎందుకు రావటం లేదు నాన్నా?” అని అడిగేవారు. పాటకైతే ఇల్లెక్కడుంటుంది?

ఫిబ్రవరిలో జాయ్ కబురు తెచ్చింది. కాకినాడ సముద్రపొడ్డున ఫెస్టివల్, ఎర్రనీరు వంతు సాయంత్రం నాలుగూ పదికి.

“నాలుగూ పదికా? ఎండలోనా? పెద్దవాళ్ళని చివర్లో, చల్లబడ్డాక పాడిస్తారండీ ఎక్కడైనా, ఇదేం మర్యాద?” అని శివప్రసాద్ గారు అప్పటికప్పుడు ఫెస్టివల్స్‌ను బహిష్కరించారు. హన్నా గారు, “నేను వెళ్తానండీ,” అన్నారు. న్యాయమూర్తే బయల్దేరితే వాది ఇంట్లో కూర్చుంటాడా? వెళ్ళి జనార్దన్ గారికి స్వహస్తాలతో వినతిపత్రం ఇవ్వాలని తీర్మానించారు. శివప్రసాద్ గారు నాలుగు పేజీలు రాశారు. అందులో ‘తీవ్రంగా ఖండిస్తున్నాము’ అని ఏడుసార్లు వచ్చింది.

ఖండించడానికి వెళ్తున్నాం కదా అని వట్టి చేతులతో వెళ్ళడం కోనసీమలో లేదు. వ్యాను ఎదుర్లంక వంతెన దాటేసరికి అందులో పదకొండు మంది సభ్యులు, ఒక డేగిసాడు పులిహోర, పనసపొట్టు కూర, రెండు పెట్టెల పూతరేకులు ఉన్నాయి. వేదిక వెనక గేటు దగ్గర వాలంటీరు పాసు అడిగాడు. శివప్రసాద్ గారు పూతరేకుల పెట్టె తెరిచి చూపించారు. గేటు తెరుచుకుంది.

జనార్దన్ గారు ఒక ప్లాస్టిక్ కుర్చీలో నడుం బెల్టు బిగించుకుంటూ ఉన్నారు. తెల్ల గడ్డం, నల్ల బనీను. పాతికేళ్ళ పైన ముందు వరసలో చూసిన మొహాలు గనక గుర్తుపట్టి లేవబోయారు.

“అమలాపురం వాళ్ళా అండీ. రండి రండి. అంత దూరం నుంచి వచ్చేరు. భోజనాలయ్యేయా?”

శివప్రసాద్ గారి పతనం అక్కడ మొదలైంది. “మావి అయ్యేయండీ. మీవి?” అన్నారు. కాలేదని తెలిసింది. ఇక చెప్పేదేముంది, డేగిసా మూత లేచింది. నాలుగు పేజీల వినతిపత్రం ఆకు కింద పరుచుకుంది. జనార్దన్ గారు పులిహోర తింటూ, తానే మొహమాటంగా ఆ మాట ఎత్తారు.

“ఈ ఫెస్టివల్సు మీకు కష్టంగా ఉంటున్నట్టున్నాయండీ. ఇదివరకు మేమే వచ్చేవాళ్ళం.”

“అబ్బెబ్బే,” అన్నారు శివప్రసాద్ గారు. “కష్టమేముందండీ. సముద్రపు గాలి, నలుగురు బ్యాండ్ల వాళ్ళూ. ఎంచక్కా ఉందండీ. ఇదే బాగుందండీ, ఆయ్.”

జాయ్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ముప్పై ఆరు నెలల ఉద్యమం ఒక ‘ఆయ్’తో ముగిసింది. ఎదుటి మనిషి చేతిలో అన్నం ముద్ద ఉండగా నిష్ఠూరమాడే విద్య మా ప్రాంతంలో ఎవరికీ అబ్బలేదు.

హన్నా గారు మాత్రం సంచిలోంచి పట్టీ తీశారు. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చాక, పద్నాలుగో నంబరు మీద వేలు పెట్టి చూపించారు.

“ఈ పాట రావటం లేదండీ. ఎందుకో కనుక్కుందామని వచ్చేను.”

జనార్దన్ గారు ఆ సున్నాల వరస వెంట వేలు నడిపారు. శివప్రసాద్ గారు కూడా ఆయన భుజం మీదుగా వంగి, సంవత్సరాలు లెక్కపెట్టి, నిటారుగా నిలబడ్డారు.

“దీనికీ, టూర్లకీ ఫెస్టివల్స్‌కీ సంబంధం లేదండీ,” అన్నారు జనార్దన్ గారు. “ఆ పై స్వరం నాకు అందడం మానేసింది. రెండువేల పదిలోనే. కొత్తపేటలో ఎలాగో లాగించేను. ఇంక పాడితే పాట పరువు పోతుందని ఆపేసేను. ఎవరూ కనిపెట్టలేదనుకున్నానండీ.”

“ఒకసారి నిదానంగా పాడి వినిపిస్తారేమోనని.”

“ఈ పాట కోసం ఇంత పట్టుదల ఎందుకండీ?”

హన్నా గారు బడిలో లెక్క చెప్పినట్టే, అంకె తర్వాత అంకె, చెప్పారు. తొంభై ఎనిమిదిలో రాజోలు అవతల ఒక లంకలో ఆవిడది మొదటి ఉద్యోగం. ఒక్కరే టీచరు. రోజూ పడవ దాటాలి. బడికి పదిమంది వస్తే పండగ. ఓ శనివారం రాజీనామా రాసి సంచిలో పెట్టుకున్నారు. బస్సు ఆలస్యమైంది. ఎదురుగా సినిమా హాల్లో ఏదో గోల వినిపిస్తే కూర్చోవచ్చు కదా అని లోపలికి వెళ్ళారు. ‘అవతలి గట్టు దూరం కాదు, ఇవతల కూర్చుంటేనే దూరం’ అని ఎవరో పాడుతున్నారు. సోమవారం పడవెక్కారు. రాని పిల్లల ఇళ్ళకు వెళ్ళడం ఆ సోమవారమే మొదలు.

“అప్పుడు వచ్చిన పిల్లల్లో ఇద్దరు ఇప్పుడు టీచర్లండీ. మీకు ఒక్కసారి చెప్పాలని. థాంక్సండీ.”

జనార్దన్ గారు గడ్డం గోక్కున్నారు. “రాజోలు తొంభై ఎనిమిది నాకు బాగా గుర్తండీ. మా జన్మలో అంత చెత్తగా ఎప్పుడూ వాయించలేదు. మధ్యలో రెండు తీగలు తెగేయి. హాల్లో డెబ్బై మంది కూడా లేరు.”

“నాకు తెలీలేదండీ. బానే ఉంది.”

ఆయన నవ్వి, పక్కనున్న గిటారు అందుకున్నారు. మైకు లేదు. అవతల వేరే బ్యాండు డ్రమ్ములు దడదడలాడుతున్నాయి. దగ్గరికి జరిగితేగాని వినబడదు గనక పదకొండు మందీ కుర్చీ చుట్టూ కింద కూర్చున్నారు. తగ్గు గొంతుతో, మాట మాట్లాడినట్టే పాడారు. పై స్వరం దగ్గరికి వచ్చి ఆగిపోయారు.

“ఇక్కణ్ణించి నా వల్ల కాదండీ.”

“అక్కడిదాకా చాలండీ,” అన్నారు హన్నా గారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. దాన్ని తుడవవలసినంత దుమ్ము లేదు.

నాలుగూ పదికి ఎర్రనీరు వేదిక ఎక్కింది. ఎండ మండిపోతోంది. ముందు వరసల్లో ఇరవై ఏళ్ళ పిల్లలు వేల మంది, ప్రతి చరణమూ కంఠతా వచ్చినవాళ్ళు, ఎగురుతున్నారు. ఆనాడు రాజోలు హాల్లో ఉన్నవాళ్ళ పిల్లలూ, వాళ్ళ పిల్లలూ కలిసినా అంతమంది కారు. హన్నా గారు కొంగు తలమీద కప్పుకుని నలభై నిమిషాలూ వాళ్ళ మధ్యే నిలబడ్డారు. ఒక పిల్ల ఆవిడకు నీళ్ళసీసా ఇచ్చింది. శివప్రసాద్ గారు తలకు తువ్వాలు చుట్టుకుని ఎగిరారు. తర్వాత ఎవరో ఆ మాట ఎత్తితే, ఇసుకకి కాళ్ళు కాలడం వల్ల అన్నారు.

తిరుగు ప్రయాణంలో వ్యాను యానాం దాటాక శివప్రసాద్ గారు వెనక్కి తిరిగారు.

“హన్నా గారండీ. ఇరవై ఏడు సున్నాలు దగ్గర పెట్టుకుని, మూడేళ్ళు నా చేత ఫెస్టివల్సుని తిట్టించేరా?”

“ఆయ్. మీరు చెబుతుంటే నాకూ ధైర్యంగా ఉండేదండీ.”

ఆయన జాయ్ వైపు తిరిగారు. “వచ్చే ఫెస్టివల్ ఎప్పుడమ్మా జాయ్?”

“నవంబర్లో అంటున్నారు బాబాయ్ గారూ. భీమిలి వైపు.”

“అయితే తెల్లారకముందే బయల్దేరాలి. ముందు వరస దొరకదు. జనం మరీ మర్యాద లేకుండా ముందే వచ్చేస్తున్నారు.”

వంతెన మీదికి వచ్చేసరికి గోదావరి మీద పొద్దు వాలుతోంది. హన్నా గారు కిటికీ పక్కన కూర్చుని, జనార్దన్ గారు ఆపేసిన చోటు నుంచి పాట ఎత్తుకున్నారు. చర్చిలో నలుగురితో కలిసి పాడే గొంతు. ఒంటరిగా ఆ పై స్వరం మీదికి వెళ్ళేసరికి శ్రుతి ఎటో పోయింది. పోయినా ఆవిడ ఆపలేదు, చివరిదాకా పాడారు. వ్యానులో ఒక్కరూ నవ్వలేదు. డ్రైవరు మాత్రం హారను గట్టిగా మోగించాడు. అదైనా వంతెన మీద గేదె అడ్డొచ్చినందుకు.