పై గడిలో పేరు

ఈ రోజు తాండూరు రాతిగనిలో ఎవరు ఎవరి మాట వినాలో చూపించే పటం గీశాను. ఒక పనివాడికి ఒకే అధికారి ఉండాలని ఇంజనీరింగ్ కాలేజీలో చెప్పారు మరి. రాళ్లు చీల్చే సాయిలును అడిగాను: "నీకు పని చెప్పేదెవరు?"

"ఖాసిం మేస్త్రి, సార్."

"ఆయన పోయి ఏడాదైంది కదా!"

"అయితేంది సార్? రాయి మీద చెయ్యి వెట్టి 'జర ఆగు' అనెటోడు. గిప్పటికీ గంతసేపు ఆగినంకనే సుత్తె ఎత్తుతం."

నేను కొత్తగా వచ్చినప్పుడు నా చేతిని రాయికి ఆనించి, పగులు ఎటు పోతుందో చూపింది కూడా ఆయనే. ఆ గరుకు చెయ్యి మళ్లీ ఒక్కసారి నా చేతి మీద పడితే బాగుండుననిపించింది.

పై గడిలో ఆయన పేరు రాసి, కింది గడిలో నాది రాసుకున్నాను. అధికారి బతికే ఉండాలని మాకు కాలేజీలో చెప్పలేదు. మీకేమైనా చెప్పారా?