సారె గంపా, బిగించిన షాక్‌అబ్జార్బర్లూ

మా చెల్లెలు అత్తగారింట్లో మొదటి మాట పడబోయిన రోజు గురించి చెబుతాను. ఆ మాట తెచ్చిపెట్టింది నా బండి. బండి చేత ఆ పని చేయించింది మెదక్ గ్రంథాలయంలో నేను చదివిన పుస్తకం. పుస్తకంలో తప్పేమీ లేదు. అదే నా బాధ.

అప్పట్లో నేను పాత షాక్‌అబ్జార్బర్లు పీకేసి, హైదరాబాద్ నుంచి కొత్తవి తెప్పించి బిగించాను. వాటికి పైన ఒక రింగు ఉంటుంది, బరువును బట్టి తిప్పాలి. కింద ఒక స్క్రూ, రోడ్డును బట్టి తిప్పాలి. పుస్తకంలో చదివిన ఈ సంగతి మెదక్ మొత్తంలో నా ఒక్కడికే తెలుసన్న నమ్మకంతో తల కాస్త ఎత్తి నడిచేవాణ్ణి.

చెల్లెలు లావణ్య పాపన్నపేటలో కొత్త కోడలు. మొదటి సారెగా గంపెడు సకినాలు పంపాలి. బియ్యప్పిండితో సన్నగా చుట్టి కాల్చిన ఆ కరకరలాడే చుట్టల్ని వాడకట్టంతా పంచుతారు. విరిగినవి వస్తే పుట్టింటివాళ్లు మనసు పెట్టలేదంటారు, ఆ మాట పడేది చెల్లెలు. గంపను ఒళ్లో పెట్టుకొని అమ్మ నా వెనక కూర్చోవాలని నిర్ణయమైంది.

"అమ్మా, నీ బరువెంత?"

"ఎందుకురా, నన్ను అమ్ముతవా?"

"రింగు తిప్పాలె. బుక్కుల ఉన్నది."

"బుక్కుల నా బరువు గూడ రాసిన్రా?"

అమ్మ చెప్పని బరువుకు కొంత భయభక్తులు కలిపి, రింగును చివరి మెట్టు దాకా బిగించాను. దారంతా తారురోడ్డే కదా అని కింది స్క్రూను కూడా గట్టి వైపుకే తిప్పాను.

తెల్లారి సారెతో గడప దాటాం. బండి వెనక భాగం కోడిపుంజు తోకలా పైకి లేచి ఉంది. మా అమ్మ పొట్టి మనిషి. సీటు అంచు పట్టుకొని ఒక కాలు ఎత్తింది, దించింది.

"జర ఎగిరి కూసో అమ్మా."

"ఇది బండా, అటకనా? నేను ఆటోల వస్త. గంప నువ్వు కట్టుకపో. ఆటోల పెడితే అందరి మోకాళ్ల నడుమ నుగ్గయితది."

"ఉండు, పానా, స్క్రూడ్రైవర్ లోపలున్నయి. వదులు చేస్త."

"సారె గడప దాటినంక మల్ల ఇంట్లకు పోతరారా? నడువు."

అలా అమ్మ కోసం బిగించిన బండి మీద అమ్మ లేదు. ఊరు దాటాక తారురోడ్డు కూడా లేదు. వెడల్పు చేస్తామని తవ్వి కంకర పోశారు. నిండు గర్భిణిని తీసుకెళ్తున్నంత నెమ్మదిగా నడిపాను. అయినా ప్రతి రాయీ నా వెన్నును పలకరించి గంపలోకి పోయింది. మొదట టక్కుమని ఒక చప్పుడు. తర్వాత కరకర. ఆ తర్వాత ఇసుక జారినట్టు సరసర. మంజీరా నది దగ్గరపడేసరికి ఏ చప్పుడూ లేదు. మీరైతే ఊపిరి పీల్చుకునేవారేమో. నాకు చెమటలు పట్టాయి. ఇక విరగడానికి ఏమీ మిగల్లేదన్నమాట.

చెల్లెలు వాకిట్లోనే ఎదురొచ్చింది. "అన్నా, మంచిగున్నయా? అత్తమ్మ పొద్దటిసంది గిన్నెలు కడిగి పెట్టింది."

"లోపలికి పోదాం పా" అన్నాను. ఆ జవాబుకే దాని మొహం పాలిపోయింది.

అమ్మ ఆటో దిగి వచ్చేసరికి అత్తగారు గంప మీది గుడ్డ తీసింది. లోపల చెయ్యి పెట్టి చూసింది.

"వదినె, సకినాలు మర్చిపోయి పిండి తెచ్చినట్టున్నరు."

అమ్మ నా వైపు చూసింది. "రింగు..." అని మొదలుపెట్టాను.

"నోరు మూయ్."

అప్పుడు మంచం మీద కూర్చున్న ముసలమ్మ, అంటే అత్తగారి అత్త, చెయ్యి చాపింది. "ఇటు తే."

గుప్పెడు నోట్లో పోసుకొని, కళ్లు మూసుకొని చప్పరించింది. అందరం ఆ బోసి దవడల వైపే చూస్తున్నాం. చెల్లెలు నా చొక్కా అంచు గట్టిగా పట్టుకుంది.

"పండ్లు పోయినకాడికెళ్లి సకినం సూసుడే గాని తినుడు లేదు. నన్ను యాదిజేసి గింత సన్నగ తెచ్చినోళ్లు గీళ్లే. వాడకట్టుల ముసలోళ్లకు ముందుగాల పంచుండ్రి." తర్వాత నా వైపు వంగి అడిగింది. "బిడ్డా, ఏ పిండిగిర్నిల పట్టిచ్చినవ్?"

అమ్మ వాకిట్లో ఉన్న నా బండిని చూపించింది. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి నడిచింది. ఆమె భుజాలు ఊగుతుండటం చూశాక చెల్లెలు నా చొక్కా వదిలింది.

ఆ బోసినోటి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: మనిషి బండెక్కి కూర్చోనిదే రింగు మీద పానా పెట్టను. మామూలు రోజుల్లో ఇంతవరకూ తప్పలేదు. పాపన్నపేట ముసలమ్మకు సకినాలు పంపే రోజు మాత్రం నా వల్ల కాదు. ఆ రోజు గడప దాటకముందే అమ్మ పానా తెచ్చి నా చేతిలో పెడుతుంది.

"చివరి మెట్టు దాక తిప్పు. నేను ఆటోల వస్త."