చెప్పినవాడికి పని పోదు

పగిలిన టమోటాల పుల్లటి వాసన తగిలితే చాలు, కుప్పం సంతలో సంచి పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోతాను. అరుపులన్నీ దూరమైపోతాయి. మంచు ఇంకా విడవని మదనపల్లె పొద్దు కళ్ళముందుకొస్తుంది. ఎర్రటి క్రేట్ల మధ్య రెడ్డెమ్మ నెమ్మదిగా నడిచివస్తూ ఉంటుంది. డిగ్రీ అయిన కొత్తలో నేను చీటీలు రాసే పనికి చేరింది ఆవిడ టమోటా మండీలోనే. ఎదుటి మనిషి మాట ఎలా వినాలో నాకు నేర్పింది కూడా ఆవిడే.

మండీ నుంచి లారీలు పుంగనూరు, కుప్పం మీదుగా తమిళనాడుకు పోయేవి. నిద్ర ఆపుకోవడానికి కొందరు డ్రైవర్లు మాత్రలు మింగేవారు, అలుపుకని కొందరు గంజాయి తాగేవారు. పక్క మండీల్లో ఎవడైనా దొరికితే మెడపట్టి గెంటి, పోలీసులకు అప్పజెప్పేవారు. రెడ్డెమ్మ పద్ధతి వేరు. మత్తులో ఉన్నవాడు తానే వచ్చి తాళాలు ఆవిడ చేతిలో పెడితే, ఆరా తీయకుండా ఇంకొకణ్ణి పంపేది. వాడు గోనెసంచుల మీద పడి నిద్రపోయేవాడు. లేచాక సంగటి పెట్టేది. చెప్పినవాడికి పని పోదు, దాచి బండెక్కినవాడు మళ్ళీ గడప తొక్కకూడదు. అదే ఆవిడ చట్టం.

ఒకరోజు టీ తాగుతూ ఉండబట్టలేక అడిగాను, ఇలాగైతే అలవాటును మనమే పెంచినట్టు కాదా, రేపు గంజాయిని కూడా అంగట్లో పెట్టమంటారా అని. ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"సారాయి అంగట్లో పెట్టినారు గదమ్మా. తాగేది తగ్గిందా? తగ్గలే. కానీ తాగి పడిపోయినోణ్ణి ఆస్పత్రికి మోసుకుపోయేదానికి ఎవురూ బయపడరు. అదే గంజాయి తాగి పడితే, ఆడుండే సావాసగాళ్ళే వాణ్ణి ఇడిసిపెట్టి పారిపోతారు. అంగట్లో పెట్టమని నేననను. ఆ బయం పోవల్ల అంటాండాను."

ఆ మాటతో నాకు అంతా తేలిపోయినట్టే అనిపించింది.

ఆవిడ తమ్ముడు చలపతి కూడా మా లారీయే నడిపేవాడు. తల్లి పోయాక ఆవిడే పెంచింది. వాడు ఏనాడూ తాళాలు తెచ్చి ఇవ్వలేదు. మా చలపతిని చూసి నేర్చుకోండి అని డ్రైవర్లందరికీ చెబుతూ మురిసిపోయేది. ఒక మధ్యాహ్నం పుంగనూరు దాటాక వాడి లారీ బోల్తా పడింది. మేము వెళ్ళేసరికి రోడ్డంతా టమోటాలు, ఎండలో మెరుస్తూ, ఏ చప్పుడూ లేకుండా. చొక్కా జేబులో మాత్రలు దొరికాయి. ఆస్పత్రిలో, పోయే ముందు, వాడు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"అందురూ నీకు చెప్పుకున్నారు గదక్కా. నాకే నోరు రాలే. మంచోడు మంచోడని అందురికీ నన్నే సూపిస్తావు."

కర్మాంతరాలయ్యాక ఆవిడ మండీకి వచ్చింది. పద్ధతి మార్చేస్తుందేమోనని భయపడ్డాను. మార్చలేదు. "బయం తీసేస్తి. సిగ్గు తీసేయలేకపోతి," అని మాత్రం ఒక్కసారి నాతో అంది. ఆ తర్వాత ఎవరినీ మంచివాడని నలుగురిలో పొగడగా నేను వినలేదు.

మత్తుమందుల చట్టం సడలించాలా, బిగించాలా అని టీవీలో వాదించుకుంటుంటే నేను ఎటూ తేల్చుకోలేను. పోలీసు భయాన్ని చట్టం తీయగలదేమో. అక్క ముందు తమ్ముడి సిగ్గును ఎవరు తీస్తారు? నాకు చేతనైంది ఒక్కటే, కాలేజీకి పోయే మా చిన్నోణ్ణి చుట్టాల ముందు పొగడను. కొంచెం కష్టంగానే ఉంటుంది.

పోయిన వారం వాడు వంటింటి గడపలో నిలబడి, నేలచూపులు చూస్తూ, "మా, నీకొకటి చెప్పల్ల. బాధపడతావేమో," అన్నాడు.

పొయ్యి కట్టేసి, వాడి కాళ్ళ దగ్గరే నేల మీద కూర్చున్నాను.

"చెప్పు నాయనా," అన్నాను.