సొరా, సూరా

పెద్ద సొరచేపల్ని చూద్దామని మా కంపెనీవాళ్ళం పదిమందిమి అల్ రువైస్ రేవులో పడవెక్కాం. చాలాసేపు నీటికాకులే కనిపించాయి. ఉన్నట్టుండి పక్కనే ఒంటినిండా తెల్లమచ్చలతో పడవంత చేప తేలింది. కాకినాడవాణ్ణి కదా, "సొర! సొర!" అని అరిచాను.

పడవ నడిపే అరబ్బు పెద్దాయన వెంటనే ఇంజను ఆపి, నా ఫోన్ లాక్కుని, "యల్లా, సూరా!" అన్నాడు. అరబ్బీలో యల్లా అంటే పదండి, సూరా అంటే ఫోటో. అందరూ సముద్రానికి వీపు పెట్టి నవ్వారు. చేప వెళ్ళిపోయింది.

"సూరా మాఫీ, ఫోటో కాదు బాబా! సొర అంటే సమక్, చేప!" అని మొత్తుకుంటే పడీపడీ నవ్వాడు.

కాసేపటికి ఇంకో చేప ఆయనకే కనబడింది. కొత్తగా నేర్చిన తెలుగులో "సొర!" అని గర్వంగా కేకేశాడు. నాతో సహా అందరం జుట్టు సవరించుకుని, ఆయనవైపు తిరిగి నవ్వాం.